కుళాయి నీళ్ల తలనొప్పి

హలో… నేనేనక్కా, ఫిన్‌టన్‌నే. పొద్దున్నే ఈ నీళ్ల ప్లాంటులో ఫోనెత్తడానికి ఇంకెవరుంటారు?

ఆ… చూశాను. మీ కరపత్రం మా గేటుకే అంటించి పోయారుగా. ‘మన నీళ్లలో విషం కలుపుతున్న చెయ్యి ఇదే’ అని… బాగుంది. కానీ ఊనక్కా, ఫోటోలో ఉన్నది నా వీపు.

లేదు, కోపమెందుకు. ముఖం వేస్తే జనం ఇంకా జడుసుకునేవాళ్లు.

ఆ… ఆ… పిల్లల పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ కలపమని ఐర్లండ్ ప్రభుత్వం చట్టం చేసింది. నేను కాదు. అప్పటికి నేను పుట్టనే లేదు.

సరే, రేపు కౌన్సిల్ మీటింగుకి ఎంతమంది వస్తున్నారేంటి… నూట ఎనభై మందా? మొన్న ఆదివారం చర్చిలో పూజకి పదకొండు మంది వచ్చారు. ఫాదర్ గారిని కూడా ఫ్లోరైడ్ మీదే ప్రసంగం చెప్పమను.

ఎవరెవరు మాట్లాడతారు… పోస్టాఫీసు ట్వోమీ. దేని గురించి… జుట్టు రాలడం. సరే… డినీన్ చూలావు ఈసుకుపోవడం. అదీ ఫ్లోరైడ్ వల్లే. మరి వాళ్ల కూతురి పెళ్లి తప్పిపోయింది— అది కూడానా, లేక అది పెళ్లికొడుకు వల్లా?

అబ్బే, వెక్కిరించట్లేదు. రాసుకుంటున్నాను.

మా పక్షమా? పళ్ల డాక్టరు హెఫర్నన్ గారు మాట్లాడతారట. ఈ ఏడాది పిల్లల నోళ్లలో పుచ్చు తగ్గిందట, అంతా ఫ్లోరైడ్ చలవేనట… అవును, ఆవిడ కథ ఆవిడది, మీ కథ మీది.

నువ్వేం మాట్లాడతావు… నీ తలనొప్పి గురించా. ఇంకా ఉందా అది? ఊటనీళ్లు మోసుకొచ్చి తాగబట్టి ఆరు నెలలు కాలేదూ, ఈపాటికి తగ్గాలే… ఓహో. స్నానం చేస్తే ఒంట్లోకి ఇంకుతుందా. అయితే స్నానం మానెయ్యి. బావ ఎలాగూ ఈతల కాలమని ఆవుల కొట్టంలోనే పడుకుంటున్నాడు.

ఆ ఊటనీళ్లతో రోజుకి ఎనిమిది కప్పుల టీ కాస్తావు కదా. టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుందని కరపత్రంలో రాయలేదేం?… నిజమే. రాస్తే ఈ దేశంలో ఒక్కడూ మీ వెంట రాడు.

…ఏమన్నావు?

ఆగు. మళ్లీ చెప్పు. కప్పు జారిపోయిందా… ఏ చెయ్యి?… ఎడమది. ఎన్నిసార్లు?

ఊఁ… మనవరాలికి కథ చదువుతుంటే మాట తడబడుతోందా… ఎప్పట్నుంచి?… క్రిస్మస్ నుంచా.

డాక్టరుకి చూపించావా?… ‘ఆయనా ఆ కుళాయి నీళ్లే తాగుతాడు, ఆయనకేం తెలుసు’. బాగుంది… లేదక్కా. ఇప్పుడు నవ్వట్లేదు.

ఉండు, తలుపేసి వస్తాను.

…ఆ. ఊనక్కా, ఒక మాట చెబుతాను. బయటికి పొక్కితే నా ఉద్యోగం పోతుంది… పోనీలే, విను.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా ఫ్లోరైడ్ పంపు కాలిపోయింది… అవును, ఫ్లోరైడ్ వేసే పంపే. కొత్తది రాలేదు. మూడుసార్లు పైవాళ్లకి కాగితం పెట్టాను. వస్తుంది, అందాకా నోరు మూసుకో అన్నారు. మూసుకున్నాను.

పద్నాలుగు నెలలక్కా. చుక్క కలపలేదు. ఊరంతా తాగుతున్నది ఫ్లోరైడ్ లేని నీళ్లే.

నవ్వుతున్నావా?

నవ్వు. నేనూ ఏడాది నుంచి నవ్వుకున్నాను. ట్వోమీ జుట్టు, డినీన్ ఆవు, హెఫర్నన్ గారి చలవ… అన్నీ విని ఒక్కణ్ణే కూచుని నవ్వుకున్నాను. నువ్వు నడుం వంగిపోతూ ఊట దగ్గర్నుంచి డబ్బాలు మోస్తుంటే కారాపి చూసి మరీ నవ్వుకున్నాను. తప్పు చేశాను.

లేదు… నీ మీద నెగ్గడానికి కాదు. ఫ్లోరైడ్ మంచిదో చెడ్డదో నాకు తెలీదు, మీరంతా కొట్టుకు చావండి. నీ తలనొప్పి మొదలైంది పోయిన సెప్టెంబరులో. అప్పటికే ఏడు నెలలుగా ఆ పంపు తిరగడం లేదు. లేని ఫ్లోరైడ్ నీ చేతిలో కప్పు ఎలా లాగేసుకుంటుందక్కా?

…అదే నేనూ అడుగుతున్నాను. మరి ఎందుకొస్తోంది అని.

ఏడవకు… నాకూ భయంగానే ఉంది.

చెప్పుకో. మైకు పట్టుకుని నూట ఎనభై మందికీ చెప్పుకో, నా పేరుతో సహా. దాచమని అడగను. ముందు ఆసుపత్రి… కాదు, మన డాక్టరు దగ్గర వారం ఆగడం కాదు. కార్క్ సిటీకి, నేరుగా ఎమర్జెన్సీకి. ఇప్పుడే.

నువ్వు కారు ముట్టుకోవద్దు. ఇరవై నిమిషాల్లో నేనొస్తాను. బావకి దారిలో నేను ఫోన్ చేస్తాలే… కోప్పడితే నన్ను కోప్పడతాడు.

ఆ… ఏంటి?… అవునక్కా, మీరే గెలిచారు. పోయిన ఏడాదే గెలిచారు. కోటు వేసుకో.