గేటు కాపలాదారు కోటు

కళోత్సవానికి ఇంకా ఒక్కరోజే ఉంది. జనాన్ని వీధి వీధీ నడిపిస్తూ ఆడే ఊరి చరిత్ర నాటకానికి దుస్తులు కుట్టే టైలరమ్మ, కోటు తొడిగి చూసుకోవడానికి వచ్చిన డైరెక్టరు గారిని అద్దం ముందు నిలబెట్టింది. ఆయన కుదురుగా నిలబడే రకం కాదు, ఆవిడ నోరు మూసుకునే రకమూ కాదు.

"తూలకండి, సూది గుచ్చుకుంటుంది."

"ప్రాక్టీసక్కా. తాగుబోతు వేషం కదా! జేబు కాస్త పెద్దది పెట్టు, సీసా పట్టాలి."

"పెట్టను."

"ఏం?"

"మా తాత జేబులో సీసా లేదు కనక."

"మీ తాతా? ఈ గేటు కాపలాదారు మీ తాతా?"

"ఊళ్లోకి నీళ్లు రాకుండా ఆపే నది గేటుకి కాపలాదారు ఒక్కడే. మీకు నచ్చినవాణ్ణి ఏరుకోడానికి పదిమంది లేరు. వరదొచ్చిన రోజు గేటు చక్రం తిప్పుతూ తిప్పుతూనే కొట్టుకుపోయాడాయన. మీరేమో తాగి గుర్రుపెట్టాడని ఊరంతా ఊరేగిస్తున్నారు."

"నేను కల్పించలేదక్కా. చరిత్ర అది! టూరిజం వాళ్ల పుస్తకంలో పన్నెండో పేజీ. ఫొటోతో సహా."

"దేని ఫొటో?"

"గేటు గోడకి పాత బోర్డు లేదూ? 'కాపలాదారు తాగి నిద్రపోగా ఊరు మునిగినది' అని..."

"పాత బోర్డా! దాన్ని వెనక్కి తిప్పి చూశారా ఎప్పుడైనా?"

"ఎందుకు?"

"ప్లైవుడ్డు. మూడేళ్ల కిందటి నాటకంలో సెట్టు ముక్క. ఆట అయ్యాక తెరలు విప్పారు, కుర్చీలు మోశారు, దాన్ని మాత్రం మేకుకే వదిలేశారు. ఎండకి వెలిసి వానకి నానేసరికి మీలాంటి చదువుకున్నవాళ్ల కళ్లకి పురాతనమైపోయింది."

"ఆగాగు. మన నాటకం బోర్డునే టూరిజం వాళ్లు..."

"ఫొటో తీసి అచ్చేశారు. ఆ అచ్చు చూసి మీరు నాటకం రాశారు. రేపు మీ నాటకం చూసి ఇంకో మహానుభావుడు గ్రంథమే రాస్తాడు. పరిశోధనట, పరిశోధన! చెయ్యి చాపండి."

"నేనొచ్చింది ఈ ఏడేగా! నాకెలా తెలుస్తుంది? ఇంతకీ ఆ మాట రాసిందెవరు?"

"రెండో చెయ్యి."

"ఎవరక్కా?"

"ఎవరో. ఆఖరి వీధికొచ్చేసరికి జనం ఆవలిస్తున్నారు, నవ్వించే ముక్క ఒకటి కావాలని మీకు ముందున్న డైరెక్టరు అందరి ప్రాణాలూ తోడేశాడు. ఎవరో ఒక మాటన్నారు. ఆయన పగలబడి నవ్వి రంగు డబ్బా తెచ్చిచ్చాడు. రెండ్రోజుల నాటకం, రెండ్రోజుల మాట అనుకున్నారు."

"పోనీలే అక్కా. ఎప్పుడో పోయిన మనిషి. రేపు ఆరు బస్సుల జనం దిగుతున్నారు. తాగుబోతు సీనే హైలైటు. వాడితో సెల్ఫీలు..."

"వాడేంటి, వాడు! ఆ సెల్ఫీల మొహాలకి వరదైనా ఒకటే, ఐస్‌క్రీమైనా ఒకటే. మరి మా నాన్న సంగతో?"

"ఆయనకేమైంది?"

"ఆరేళ్లప్పుడు తండ్రి పోయాడాయనకి. డెబ్భై ఏళ్లపాటు 'మా నాన్న గేటు వదల్లేదు' అని తలెత్తుకు తిరిగాడు. పోయిన నెల ఎవడో పనిలేనివాడు ఆ పుస్తకం చేతిలో పెట్టాడు. అంతే. గోడమీద తాత ఫొటో దింపేశాడు. వీధిలోకి రావడం మానేశాడు. 'మా నాన్న వల్ల ఎంతమంది పోయారో' అని ఒకటే ఏడుపు. చూడలేక చస్తున్నాను."

"అయ్యో! అబద్ధమని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. 'ఊరికే అచ్చేస్తారా? నన్ను ఊరడించడానికి అంటున్నావు' అంటాడు."

"సరే. సీసా వద్దు."

"ఏంటీ?"

"జేబే వద్దు. నా కాపలాదారు చక్రం తిప్పుతూనే పోతాడు. జనం నవ్వకపోతే మానె."

"నిజంగానా?"

"నిజంగా. ఇంకో పనీ చేద్దాం. ఆ మాట పుట్టించినవాణ్ణి పట్టుకెళ్లి మీ నాన్న ముందు నిలబెడతా. 'నేనే కల్పించాను పెద్దాయనా' అని వాడి నోటితో వాడే చెప్తే నమ్మడూ?"

"...నమ్ముతాడు."

"మరింకేం! ఎక్కడుంటాడు వాడు?"

"వాడు కాదు."

"ఎవరైతేనేం, ఎక్కడుంటుందో చెప్పు. ఇప్పుడే వెళ్తా."

"మా ఇంట్లోనే. రెండు పూటలా ఆయనకి భోజనం వడ్డించేదీ, ఇప్పుడు మీకు కోటు కుడుతున్నదీ ఆవిడే."