భూరా తాడుకు నేనేసిన ముడి

“తాతా, జర ఇటు చూడు. చీకూకు పట్టా ఆర్డర్ పెడుతున్న. ఈ మూడిట్ల ఏది మజ్బూతుగుంటది? నేను కాలేజీకి పోయినంక బాపమ్మనే దీన్ని బయట తిప్పాలె గదా. ఆమె ఏమో తాడే ముట్టనంటుంది. గట్టిది తెస్తెనన్న పట్టుకుంటదేమో.”

ఏంది? జర గట్టిగ చెప్పు పింకీ. ఈ దిక్కు కూసో, కుడి చెవు దిక్కు. నలభై ఏండ్లు బట్ట నేసే సాంచల చప్పుట్ల నిలవడ్డోన్ని, ఎడమది ఎప్పుడో పోయింది. ఆ, ఇప్పుడు ఇనవడ్డది. కుక్క పట్టా. తే, ఫోనియ్యి ఇటు. నా అద్దాలేవి... ఆ, నెత్తి మీదనే ఉన్నయి.

ఇదేంది, డబ్బీ ఉన్నట్టున్నది? అండ్లకెల్లి తాడు ఎంత గుంజితె అంత వస్తదా? మల్ల లోపలికి పోతదా? వద్దు. ఈ సూరత్‌ల, మన గోడాదరా గల్లీల ఇది ఏం పనికొస్తదే. కుక్క ఆ మూలకుంటది, నువ్వు ఈ మూలకుంటవ్, నడిమిట్లకెల్లి బండోడు వస్తడు. అంత సన్న తాడు వానికేం కనవడతది? వాడు పడ్తడు, కుక్క పడ్తది. ఆపుదామని నువ్వు తాడు పట్టుకున్నవనుకో, చెయ్యి కోస్కపోతది. నవ్వకు. సన్న పోగు ఎట్ల కోస్తదో నాకెరుక. ఇగో, ఈ వేలు చూడు, ఇవన్ని పోగు గీతలే.

గొలుసా? గొలుసు గేటుకు కట్టెటందుకు మంచిదే, తిప్పెటందుకు కాదు. చీకూ ఎంతుందే, పిడికెడుంది. ఆ బరువుకు దాని మెడ వంగిపోతది. ఎండల కాలుతది కూడ. ఇగ కుక్క ఒక్కపారి గుంజిందంటె నీ అరచేతి తోలు ఊడొస్తది.

ఈ మూడోది... ఇది నివారు పట్టీ గదా. మంచాలకు అల్లుతుండె సూడు, అదే నేత. ఫోటో పెద్దగ చెయ్. ఇంక. ఆ, చెయ్యి పెట్టే కాడ కుట్టు చూడాలె. నాలుగు దిక్కుల డబ్బా లెక్క కుట్టి, నడుమ అడ్డంగ కుట్టిండ్రా? కుట్టిండ్రు. ఒక్క వరుస కుట్టుంటె తీస్కోవద్దు. హుక్కు ఇనుముదేనా, ప్లాస్టిక్‌దా? ఇనుముది. గుండ్రంగ తిరుగుతదా? తిరుగకపోతె పట్టా మెలివడి మెలివడి కుక్క కాళ్ల సందుకే పోతది. పొడుగెంత? ఐదు ఫీట్లా, బాగుంది, మీ బాపమ్మ వంగకుంట నడుస్తది. మెడకు కాకుంట ఛాతీకి తొడిగే బెల్టు కూడ ఒకటి తీస్కో. మెడ పట్టీ అయితె కుక్క ఎనుకకు తన్నుకున్నప్పుడు తలకెల్లి ఊడొస్తది. ఏది తొడిగినా నీ రెండు వేళ్లు లోపల పట్టాలె, మూడు పట్టొద్దు.

ఇంటికొచ్చినంక అందరు చేసేదేంది? ఒక్కపారి గట్టిగ గుంజి చూసి, బాగుందంటరు. అట్ల కాదు. గేటుకు తగిలియ్యి. గుంజు, ఇడువు. గుంజు, ఇడువు. యాభై సార్లు. గుంజుడు కాదు ముఖ్యం, ఇడిశినప్పుడేమైతదో చూడాలె. అది నాకు ఎరుకైన తీరు వేరే ఉన్నది.

భూరా నీకు యాదున్నదా? ఉండే ఉంటది, నువ్వు అప్పుడు ఐదో క్లాసు... కాదు, ఆరు. మీ తమ్ముడు బంటీ కడుపుల ఉన్నడప్పుడు, అంటె ఆరే. ఇంట్ల నువ్వినే ముచ్చట ఏంది? బాపమ్మ తాడు ఇడిచిపెట్టింది, భూరా రోడ్డెక్కింది, టెంపో కింద పడ్డది. అంతే గదా? ఆ. అదే అందరికి ఎరుక. మీ బాపమ్మకు కూడ అదే ఎరుక.

ఆగు, చెప్త. నీళ్లియ్యి జర.

భూరా పుట్టిందే మా ఖాతాల. ఖాతా అంటె నీకెరుకే, సాంచల షెడ్డు, ఉధ్‌నా దిక్కుండె. కొత్త తీరు సాంచలు పెట్టిండు సెఠు. వాటిల బట్ట నేస్తుంటె అంచు పక్కకెల్లి పోగుల జడ ఒకటి ఊడి పడ్తనే ఉంటది, గజాల కొద్ది. చిందీ అంటరు. మూలకు గుట్ట పోసేది. ఆ గుట్టలనే ఒక కుక్క ఈనింది. నాలుగు పిల్లలల్ల ఒక్కటి బతికింది. గోధుమ రంగుదని మా దిక్కు బిహారీ పోరగాళ్లు భూరా, భూరా అన్నరు. తల్లి ఎటో పోయింది, మల్ల రాలే. నేను సంచిల ఏస్కొని ఇంటికి తెచ్చిన. మీ బాపమ్మ రెండు దినాలు నన్ను తిట్టింది, మూడో దినంకెల్లి దానికి పాలల్ల రొట్టె నానవెట్టి ముందు పెట్టుడు, నాకు ఎనుక పెట్టుడు.

దానికొక గుణముండె. సాంచల చప్పుట్ల పుట్టింది గదా, చప్పుడంటె లెక్కలేదు. పటాకలు కాలిస్తె మిగిలిన కుక్కలు మంచం కింద దూరేటియి, ఇది నిద్రపోయేది. అందరికి చెప్పుకుంట మురిశేటోన్ని, మా భూరా భయపడదని. హారన్ కొట్టినా పక్కకు జరగని కుక్క రోడ్డు మీద ఎట్ల బతుకుతదని సోంచాయించలే.

ఇగ తాడు. కొనుడేందే అన్న. ఖాతాల గజాల కొద్ది చిందీ పడుంటె దుకాణంల కొనుడా? మూడు జడలు తెచ్చి మల్ల జడల్లిన. మస్తు మెరిశేది. పాలిస్టర్ గదా, తెగదు. నేను రెండు చేతులతోని ఏలాడి చూసిన, తెగలే.

అయితె అది పొట్టిగైంది. మీ బాపమ్మకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. నడుము వంగి పట్టుకోవాల్సి వస్తుందయ్యా అన్నది. గంతేనా అని ఇంకొక బారెడు జడల్లి దానికి అతికిన. ముడేసిన. ఏ ముడి? పోగు ముడి. ఇంకే ముడేస్తం మనం?

ఈ ముడి మా మేనమామ నేర్పిండు నాకు. సిరిసిల్లకెల్లి ఆయన ఎంబడే నేను సూరత్‌ల దిగింది. నవాగామ్‌ల ఒక్క రూములో తొమ్మండుగురం, నెలకు నలభై రూపాయలు కిరాయి... నలభయ్యా, నలభై ఐదా, ఏమో. చాయ్ ఆఠానా, అర్ధరూపాయన్నట్టు. మా మామ నా కండ్లకు దస్తీ కట్టి ముడెయ్యిమనేటోడు. చప్పుట్ల చెవు పనిచెయ్యదు, దుమ్ముల కన్ను పనిచెయ్యదు, వేలే చూడాలెరా అనేటోడు. తెగిన పోగును నిమిషంల పది అతికేటోన్ని. ఆ ముడి ఆవగింజంతుంటది, దువ్వెన లెక్కుండే అచ్చు పండ్ల సందుకెల్లి జారిపోతది, బట్టల కనవడదు. ఖాతాల కొత్త పోరగాండ్లొస్తె సెఠు నా కాడికే పంపేటోడు, ఈయన కాడ ముడి నేర్చుకోండ్రి అని. నాకు చదువు లేదు, జాగ లేదు, నాకున్నది ఆ ముడే. అందుకే మీ బాపమ్మ, ఇది ఊడదు గదా అని అడిగితె నాకు కోపమొచ్చింది. నా ముడినా ఊడేది అన్న. మీద ఇంకో రెండు ముళ్లు పెట్టుమన్నది. పెట్టలే.

ఇప్పుడిను. సాంచ మీద పడుగు పోగు ఎప్పుడు గుంజుకొనే ఉంటది. రాత్రి బంద్ చేసినా గుంజుకొనే ఉంటది. అందుకే ఆ ముడి నిలుస్తది, గుంజితె ఇంక బిగుస్తది. కుక్క అట్ల గుంజదు. గుంజుతది, నిలవడతది, వాసన చూస్తది, ఎనుకకొస్తది, మల్ల గుంజుతది. వదులైనప్పుడల్లా ఆ ముడి గోరంత జారుతది. పైకెల్లి జారుడు పాలిస్టర్. నలభై ఏండ్లు వేసిన ముడి, అది వదులుకు నిలువదని నాకెర్క లేదు. ఎన్నడు వదులుల చూడలే గదా.

పొద్దుగాల. ఏడు కొట్టలేదింక. నేను పంపు కాడ పండ్లు తోముకుంటున్న. ఆమె పాలకు పోయింది, భూరాను తీస్కొని. మెయిన్ రోడ్డు అవతల మేకలు పోతున్నయట. భూరా గుంజింది, ఈమె కూడ గుంజింది, కాళ్లు ఆగక ముందటికి పడ్డది. తలెత్తి చూసెటాల్లకు అది తాడు ఈడ్చుకుంట రోడ్డు నడుమ ఉన్నది. రంగెయ్యని గ్రే బట్ట తానులు ఏస్కపోయే టెంపో. వాడు హారన్ కొట్టిండు పాపం, కొడ్తనే ఉన్నడట. అది జరగలే.

నేను ఉరికిన. ఆమె రోడ్డు పక్కకు కూసున్నది, మోకాలు చీరుకుపోయింది, పాల గిన్నె ఎటో పడ్డది. అందరు గుమిగూడిండ్రు. నేను పోంగనే ఏమన్న ఎర్కనా? దెబ్బ తాకిందా అని అడుగలే. “తాడెట్ల ఇడిచిపెట్టినవే” అన్న. నలుగుర్ల. నేను ముందుగాల అన్న మాట అదే. ఆమె నా మొకం చూసింది, చేతులు చూసుకున్నది. “ఎట్ల ఇడిశిన్నో ఎర్కలేదయ్యా” అన్నది.

ఆమెను లేపుతుంటె చీర కుచ్చిళ్ల కింద తాడున్నది. బారెడు. నేను అతికిన ముక్క. ఒక కొసకు ఆమె పట్టుకునే చుట్టు, ఇంకో కొస ఉత్తది. తెగలే. పోగు చిట్లలే. సక్కగ, ముడే ఎన్నడు లేనట్టు. ఆమె కొస ఆమె ఇడువలే బిడ్డా. పడేదాంక చేతిలనే ఉండె, పడ్డంకనే చీర కిందికి పోయింది. జారింది నా ముడి.

అదీ... నేనా ముక్కను చుట్టి జేబుల పెట్టుకున్న. ఎవ్వరు చూడలే. ఎందుకు పెట్టుకున్ననంటె, సిగ్గైంది. దుఃఖం కంటె ముందు సిగ్గైంది. ఖాతాల ఎరుకైతె ఏమంటరు, పోరగాండ్లు ఏమంటరు, గదే వచ్చింది నెత్తిల. కుక్క అక్కడ సచ్చి పడుంది, నేను నా ముడి ముచ్చట సోంచాయించిన. రేపు చెప్తమనుకున్న. రేపు పోయి ఎల్లుండైంది. మీ నాయన కూడ అన్నడు, అమ్మా, జర గట్టిగ పట్టుకోవద్దా అని. నేనక్కడనే కూసొని బువ్వ తింటున్న.

నీకు ఎరుకైందో లేదో గాని, అప్పటికెల్లి ఆమె తన చేతులను నమ్మదు. చాయ్ కప్పు రెండు చేతులతోని పట్టుకుంటది. బంటీ పుట్టినంక ఆ పోరన్ని ఒక్కనాడన్న నిలవడి ఎత్తుకున్నదా? చూసినవా? లేదు. మంచంల కూసున్నంకనే ఒడిల పెట్టుమంటది. మీ అమ్మ అనుకుంటది మోకాళ్ల నొప్పికని. మొన్న పక్కింటామె పసిదాన్ని అందియ్యబోతె, “నా చేతులు మంచియి గావమ్మా” అన్నది. నేను పేపరు చదువుతున్నట్టు కూసున్న. నాకు చదువు రాదు, అదీ ముచ్చట.

ఇప్పుడు నువ్వు చీకూను తెచ్చినవ్. మూడో దినం అది పోయి ఆమె కాళ్ల మీద పండుకున్నది, చూస్తనే ఉన్న. నిమురుతది. పేరు పెట్టి పిలుస్తది. తాడు మాత్రం ముట్టదు. నువ్వు ఇనుప హుక్కుది తెచ్చినా ముట్టదు, బంగారపుది తెచ్చినా ముట్టదు.

ఏంది? ఎందుకు చెప్పలేదంటవా ఇన్నేండ్లు? చెప్పిన గదా, సిగ్గని. తర్వాత తర్వాత, ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే అంటదని. దినం ఎక్కువైన కొద్ది చెప్పుడు బరువైంది. గంతే. దీంట్ల పెద్దగ ఏం లేదు.

నువ్వు ఆ మూడోదే పెట్టు. ఛాతీ బెల్టు కూడ. రంగు నీ ఇష్టం. నీ చదువు మంచిగ సాగాలె, నువ్వు నాలెక్క మొండిగ కావద్దు, సల్లగుండు బిడ్డా.

ఆ? ఏమంటున్నవ్? మీ బాపమ్మ వచ్చిందా? మెట్ల మీద చప్పుడా? నాకినవడలే.

ఇప్పుడే చెప్పన్నా... చాయ్ తాగినంక... కూరగాయలు తెచ్చి అలిశిపోయి ఉంటది గదా, రేపు పొద్దుగాల... ఆ. ఆ, సరే. అట్ల చూడకు నన్ను. సరేనన్న గదా.

రాజవ్వా. ఆ సంచి ఆడ పెట్టు. ఇటొచ్చి కూసో. చాయ్ ఏం వద్దు, కూసో ముందు. పోరిని ఉండనీ, అది కూడ ఇనాలె. భూరా ముచ్చట. లేవకు, ఇను. ఆ పొద్దు తాడు నీ చేతిలకెల్లి జారలే. నువ్వు ఇడిచిపెట్టలే, రాజవ్వా. నీ కొస నీ కాడనే పడుండె, నేనే తీసి జేబుల ఏస్కున్న...