నలగని నిమ్మకాయ

రేపటి రేసు కోసం తమ్ముడు తన స్పోర్ట్స్ కారుకు, ఇంజిన్‌ను నిలకడగా తిప్పే చక్రం తీసేసి తేలికపాటి ఫ్లైవీల్ వేయించి, పూజకు తిరుత్తణి కొండకు తెచ్చాడు. పూజారి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కారు కదలబోయి మళ్లీ ఆగిపోయేసరికి, పక్క సీట్లోని అక్కకు ఒళ్లు మండింది.

“ఏందిరా, ఒక్క నిమ్మకాయా నలగలేదే?”

“రోడ్డు ఎత్తుగా ఉండాదక్కా.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది. ఆ ఆటో ఎట్ట ఎక్కిపోయింది?”

“ఇది ట్రాక్ కారు. ఫ్లైవీల్ బరువు తగ్గించినాను. కాలు ఆనిస్తే చాలు, ఇంజిన్ సర్రున లేస్తాది.”

“కాలు తీస్తే సర్రున చస్తాది. బరువు లేనిదానికి నిలకడ యాడ నుంచి వస్తాది? అచ్చం నీ మాదిరే.”

“వెంగల్ పొలాల్లో ట్రాక్టరు తోలేదానివి, నీకేం తెలుసు?”

“నా ట్రాక్టరు ఏనాడూ నిమ్మకాయను చూసి జడుసుకోలేదు లేరా.”

ఇంజిన్ మళ్లీ ఆగింది. ఆమె దిగి, కొంగు నడుముకు దోపుకుని, ఆటోవాళ్లను కేకేసింది. అందరూ కలిసి తోస్తే నిమ్మకాయలు చిట్లాయి.

“చూసినావా అక్కా, ఎక్కిపోయింది!”

“చూసినాను. రేపు రేసుకు చుడీదార్ వేసుకోని వస్తాలే. చీర కట్టుకోని తోసేది కష్టంగా ఉండాది.”