గుట్టకు కంచె పడ్డాక

కారిమంగళం సంతలో మూడు మేకలతో నిలబడిన అక్క, తమ్ముణ్ణి చూసి తల తిప్పుకుంది. మిలిటరీలో రిటైరై వచ్చిన అతడు ఇప్పుడు అటవీ శాఖ తరఫున ఊరి గుట్టకు కాపలా ఉంటున్నాడు.

“అమ్మేస్తావా, అక్కా?”

“అమ్మక? గుట్టకి కంచె వేసేస్తిరి. నీ కాకీ చొక్కా పెట్టేదా వీటికి మేతకి?”

“మూడేండ్లే. నాటిన మొక్కలు మనిషెత్తు లేస్తే మళ్లీ విడుస్తారు.”

“ఆ మాట వీటికి చెప్పు. నువ్వంటే అందరికీ బయమంట కదా.”

“నిన్న చిన్నమ్మ ఆవుల్ని తోలేసినాను. నిన్నొక్కదాన్ని విడిస్తే ఊరు నా మొహాన ఉమ్మదా?”

“ఉమ్ముతాది. అందుకే నిన్ను అడగలేదు.”

“అడిగుంటే బాగుండు.”

“అడిగితే విడుస్తువా?”

అతడు వంగి తల్లిమేక వీపు నిమిరాడు.

“గుట్ట పచ్చబడతా ఉంది, నేనూ చూస్తానే ఉండా. నీ తప్పు లేదులేరా. ఎవరి తప్పో తెలిస్తే తిట్టుకుందును.”

ఒక మేకల వ్యాపారితో బేరం కుదిరింది. మేకను అమ్మినా దాని తాడు ఇవ్వకూడదని ఆనవాయితీ కాబట్టి, ఆమె మూడు మెడల్లోంచీ తాళ్లు విప్పి చంకలో పెట్టుకుంది. తల్లిమేక ఆమె వెంటే అడుగు వేసింది.

“దీన్ని పట్టుకోరా, నేను బస్సెక్కిందాకా.”

“నేనా అక్కా?”

“సెలవు అయిపోయినప్పుడంతా పెట్టె ఎత్తుకుని రైలెక్కితివే, ఒక్కతూరైనా వెనక్కి చూసినావా? నాకా విద్య రాదు. ఇది అరిచిందంటే తిరిగొచ్చేస్తాను. దాని మూతి గట్టిగా పట్టుకో.”