ఒట్టి బిళ్ళ మేడమ్ గారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండు, సోమవారం నాడు మా సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో సహాయ పరిశోధకురాలిగా చేరిన మేడమ్ గారు, ముప్పై ఆరేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన రోజే కిటికీ పక్క గోడ బూజును గీకి పరీక్షకు పెట్టిన ఘనత వారిది. ఆ గోడకు సున్నం వేయించడం మాత్రం ఇప్పటికీ వారివల్ల కూడా కాలేదు!

బూజు జాతి శిలీంధ్రాల వల్ల వచ్చే చర్మవ్యాధులకు ప్రకృతిసిద్ధమైన ఔషధాన్ని సాధించడమే వారి జీవితధ్యేయమైంది. అందుకు కారణం గాజుసామాను కడిగే మా బాబాయి. విభాగంలో అందరికీ ఆయన బాబాయే. నిత్యం నీళ్లలో నాని ఆయన వేళ్ల సందులు పాసిపోయేవి, ఏ మందుకూ లొంగేవి కావు. "నా మందు మొదట నీ చేతులకే బాబాయ్" అని మేడమ్ గారు మాటిచ్చారు.

ఉద్యోగంలో చేరిన పదో ఏట, స్పిరిట్‌లో తీసిన ఒక ఆకు సారంలో ముంచి, బూజు పెంచే గాజు ప్లేట్లలో పెట్టిన కాగితపు బిళ్ళల చుట్టూ బూజు పెరగడం ఆగిపోయింది. వ్యాసం పత్రికకు వెళ్లింది, పదోన్నతి ఖాయమైంది. అంతలో ప్లేట్లు కడగబోతూ బాబాయి అడిగారు: "అమ్మా, ఒట్టి స్పిరిట్‌లో ముంచిన బిళ్ళ చుట్టూ కూడా బూజు లేదే! ఇదీ కడిగేయనా?"

మేడమ్ గారు ఆ ప్లేటు అందుకుని చూశారు. తొందరలో బిళ్ళలు ఆరకుండానే పెట్టేశారు; బూజును చంపింది ఆకు కాదు, స్పిరిట్!

"అయ్యో, నోరు మూసుకున్నా బాగుండేదమ్మా, నా మందు నాకొచ్చేది" అన్నారు బాబాయి.

"ఏం మందు బాబాయ్! పనికిరాని ఆకు పసరు పూసి, నయమవుతుందని నిన్ను నమ్మించేదాన్ని."

ఆ సాయంత్రమే వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. పదోన్నతి నాలుగేళ్లు వెనకబడింది. నోటిదాకా వచ్చింది పోగొట్టుకున్నావేమని భర్తగారు నొచ్చుకుంటే, "పోలేదండీ, నేనే వదిలేశాను" అన్నారట.

మళ్లీ మొదటికొచ్చి, ప్రతి బిళ్ళనూ ఒక రోజంతా ఆరబెట్టి, ప్రతి ప్లేటులోనూ స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టిన ఒట్టి బిళ్ళనొకదాన్ని సాక్ష్యంగా పెట్టి, వారు ఆరేళ్లు శ్రమించారు. చివరకు ఒక చెట్టు బెరడు నుంచి తీసిన లేపనం పరీక్షలన్నీ నెగ్గింది. మాట ప్రకారం తొలి డబ్బా బాబాయికే అందింది; రెండు నెలల్లో ఆయన వేళ్లు మానాయి. ఒట్టి బిళ్ళ లేని ప్లేటును మా విభాగంలో నేటికీ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

వీడ్కోలు సభలో పూలగుత్తి ఎవరివ్వాలన్న చర్చే రాలేదు. "నా చేతులతో నేనే ఇస్తాను" అని డెబ్బై ఆరేళ్ల బాబాయి ముందే కబురంపారు. మేడమ్ గారు ఆయురారోగ్యాలతో, భర్తా పిల్లల మధ్య నిండు నూరేళ్లు హాయిగా ఉండాలని మేమందరం మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఆ పది వేళ్లూ చెప్పే కృతజ్ఞత ముందు మా మాటలేపాటివి!