ఆయన తోలు

రబాత్ జూలో సింహాల ఆవరణ. కటకటాలకు ఇవతల అరుగు మీద, అట్లాస్ కొండల నుంచి బస్సులో దిగి వచ్చిన ముసలామె ఇత్తో. నీళ్ల గొట్టంతో నేల కడుగుతున్నవాడు సింహాల కాపరి మోహా.

"ఏ ఆయన, అవ్వా?"

"ఆయనేరా. అదిగో."

"మీ ఆయనా? ఆయన పోయి చాలా ఏళ్లయిందని మీ మనవరాలు తూదా చెప్పిందే."

"మా ఆయన కాదు, ఈయన. చెట్టు కింద కాళ్లు చాపుకుని పడుకున్నాడే, ఈ పెద్దతలాయన."

"సింహమా?"

"ఉష్. పేరు పెట్టి అనకు. వినబడుతుంది."

"నేను పొద్దున్నుంచీ పేరు పెట్టే పిలుస్తున్నా, చెవి కూడా కదపడు. అమ్ఘార్. ఒరేయ్ అమ్ఘార్. చూశావా?"

"అమ్ఘారా? ఊరిపెద్ద అని పేరు పెట్టారా? ఏ ఊరికి పెద్ద?"

"ఈ చెట్టుకీ, ఆ నీళ్ల తొట్టికీ."

"పాపం. వీళ్ల తాతలు నడిచొస్తుంటే మా కొండల్లో దేవదారు చెట్లు పక్కకి తప్పుకునేవంట."

"ఇప్పుడు మీ కొండల్లో ఒక్కడూ లేడుగా. ఉన్న నలుగురూ ఇట్లా బోనుల్లో పుట్టినవాళ్లే. అక్కడి ఆఖరి వాణ్ని మీ మామే చంపాడంటారు. మీ ఇంటిపేరే అది, సింహాన్ని చంపి..."

"పేరు అనకన్నానా."

"సరే, ఆయన్ని చంపినోళ్లు. ఇదింకా ఘోరంగా ఉందే అవ్వా, మొగుణ్ని చంపినట్టు."

"ఈ వెకిలి మాటలకే మా హమ్మూ నిన్ను రెండుసార్లు గుమ్మంలోంచే పంపించాడు."

"మాటలకు కాదు. పెంట ఎత్తేవాడికి నా కూతుర్నివ్వను అన్నాడు మీ అబ్బాయి."

"మరి ఎత్తుతావుగా."

"ఎత్తుతా. ఊరికే ఎత్తను, చూసి ఎత్తుతా. ఎవడికి అరిగింది, ఎవడికి అరగలేదు. అది వదిలెయ్. మూడోసారి కాదని చెప్పడానికా ఇంతదూరం వచ్చావు?"

"పని మీద వచ్చా. ముందు తిను. పొరల రొట్టె, తేనె."

"తూదా చేసిందా?"

"ఆఁ."

"భలే ఉంది. తన చేతి వాటం వేరు."

"నేనే చేశా. దాని పేరు చెప్తేగానీ తినవని. తిను, తిను. ఆయనకేం పెడతారు?"

"మాంసం. ఎక్కువ గాడిద మాంసమే. ఒక్కోసారి కంచర గాడిద దొరుకుతుంది, అదంటే వీడికి మహా ఇష్టం. ఏంటవ్వా, మొహం అట్లా అయిపోయింది?"

"ఏం లేదు. ఎండ."

"మబ్బు పట్టి ఉంటేనా?"

"మోహా, నాకు ఆయన వెంట్రుకలు నాలుగు కావాలి."

"దిష్టికా?"

"కాదు. సోమవారం మా ఇంటికి ఒక మేడమ్ వస్తోంది. పోయిన వారమూ వచ్చింది, చేతిలో చిన్న పటకారు, బుల్లి బుల్లి కవర్లు. మా గోడ మీద తోలు ఉందిగా, దాని వెంట్రుకలు పీకి పరీక్ష చేస్తుందంట. ఇక్కడున్నవాళ్లదీ అక్కడ తిరిగినవాళ్లదీ ఒకటే రక్తమో కాదో తేలుస్తుందంట. ఆరోజు తోలు ఎండలో వేశామని పంపేశా."

"మంచిదేగా. మీ తోలు వెంట్రుకలే ఇవ్వు. వీడివెందుకు?"

"మాది పాతబడింది."

"ఆమెకి పాతదే కావాలి."

"చిమటలు కొట్టింది."

"మిగిలింది చాలు."

"రంగు కూడా..."

"అవ్వా. నా వైపు చూసి చెప్పు. ఆ తోలు ఎవరిది?"

"జోహ్రాది."

"జోహ్రా ఎవరు? మీ ఆడపడుచా?"

"మా మామ కంచర గాడిద."

"ఖళ్... ఖళ్..."

"నవ్వకు."

"నవ్వట్లేదు. దగ్గు."

"దగ్గితే దగ్గావు, గొట్టం పక్కకి తిప్పు. నా బుట్ట తడిసిపోతోంది."

"చెప్పు చెప్పు. అసలేం జరిగింది?"

"మామ సంత నుంచి వస్తున్నాడు. దారికడ్డంగా ఆయన కూర్చున్నాడు."

"తుపాకీ లేదా?"

"ఉంది. తుపాకీ జోహ్రా మీద. మామ చెట్టు మీద."

"ఆయన?"

"ఆయన కూడా జోహ్రా మీదే."

"అయ్యో."

"మామ రాలేదని మా అత్త వెతుక్కుంటూ వెళ్లింది. చూసింది. కొంగు బిగించి తిట్టడం మొదలెట్టింది. సిగ్గులేదా నీకు, ఆడదాని ముందు మూతి నాకుతావా, మీ అమ్మ నిన్నిట్లాగే పెంచిందా అని. ఆడది తిడితే ఆయన నిలబడడు, కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసది. తల దించుకుని పోయాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు."

"అంటే ఆఖరాయన తుపాకీతో పోలేదు, సిగ్గుతో పోయాడు."

"మా అత్త నోరు అట్లాంటిది. మామ కూడా చెట్టు దిగడానికి పొద్దుగూకేదాకా ఆలోచించాడు."

"మరి తోలు?"

"తలా కాళ్లూ తోకా ఆయన తినేశాడు. మిగిలింది మామ భుజాన వేసుకొచ్చాడు, ప్రాణంగా పెంచుకున్న జీవం కదా. ఊరి మొదట్లో ఎవడో అడిగాడు, ఆయనదా అని. మామ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఈలోగా డోళ్లు వాయించేశారు."

"మరి కాన్పు సుఖంగా కావాలని ఆడవాళ్లు ఆ తోలు మీద చెయ్యి పెడతారుగా?"

"పెడతారు. సుఖంగానే కంటారు."

"కంచర గాడిదకి అసలు పిల్లలే పుట్టరు కదవ్వా."

"అందుకే, దాని వాటా కూడా మిగతావాళ్లకి పంచుతోందేమో. నువ్వు వేళాకోళం ఆపు. మా హమ్మూకి ఇదేమీ తెలీదు. తూదాకీ తెలీదు. సోమవారం బయటపడిందంటే నా కొడుకు సంతకి వెళ్లలేడు. కనబడ్డప్పుడల్లా జనం ఓండ్ర పెడతారు. ఒక్క నాలుగు వెంట్రుకలివ్వరా."

"ఇవ్వను."

"ఇవ్వవా?"

"ఇస్తే దొరికిపోతారు. ఇక్కడున్న ప్రతివాడి రక్తం, వెంట్రుక డాక్టర్ల దగ్గర ముందే ఉన్నాయి. వీడివి ఇచ్చావనుకో, ఏం తేలుతుంది? మీ మామ చంపినాయన చావనే లేదు, రబాత్‌లో కాళ్లు చాపుకుని గాడిద మాంసం తింటున్నాడని తేలుతుంది."

"ఇవన్నీ తిప్పే మాటలు. సూటిగా అడుగు, ఏం కావాలి నీకు? రెండుసార్లు కాదన్న ఇంటి పరువు ఇప్పుడు నీ గుప్పిట్లో ఉంది. అడుగు."

"ఏమీ అడగను."

"తూదాని అడుగు. నేను కాదనను."

"గాడిద తోలుకి పిల్లని మార్చుకున్నానని తెలిస్తే తూదా నన్ను ఈ కటకటాల అవతల పడేస్తుంది."

"దానికి ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు తెలుసుగా, చాలదా."

"పోనీ, పోయి మా హమ్మూకి చెప్పు. సంతలో నిలబడి చెప్పు. నీ కసి తీరుతుంది."

"కసి ఉంది, లేదనను. తిరుగు బస్సులో రెండుసార్లూ అదే అనుకుంటూ వచ్చా, ఈ మనిషిని పది మందిలో నిలబెట్టాలని. కానీ ఓండ్ర ఆయన్ని చూసే పెట్టరుగా. తూదాని చూసీ పెడతారు. సరే, ఆ మేడమ్ ఎప్పుడొస్తుంది?"

"మధ్యాహ్నం."

"తిరుగు బస్సు?"

"సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక."

"అయితే విను. ఆ తోలు గోడ మీంచి దింపి కింద పరుచు. నేను పొద్దున్నే వచ్చి దాని మీద కూర్చుంటా. మీ ఇళ్లల్లో అతిథి మూడో గ్లాసు టీ తాగేదాకా వాణ్ని లేపకూడదు కదా?"

"లేపితే ఏడు తరాలకి చెడ్డపేరు."

"నేను రెండో గ్లాసు దగ్గర ఆగిపోతా."

"బస్సు వెళ్లేదాకానా?"

"చుక్కా చుక్కా తాగుతా. కొత్తవాడి కింద చెయ్యి పెట్టి వెంట్రుకలు పీకదుగా ఆ మహాతల్లి. తర్వాత సంగతి తర్వాత చూద్దాం, జోహ్రాకి ఒక మంచి గొయ్యి తవ్వుదాం, తోలు దొంగలెత్తుకుపోయారని చెప్దాం."

"మా హమ్మూ నిన్ను గడప తొక్కనిస్తాడా?"

"నువ్వు గ్లాసు పోసుకుని గుమ్మంలో నిలబడు. టీ చేతికందితే నేను అతిథినే. ఇంక గెంటలేడు."

"ముందే గెంటితే?"

"మూడోసారి గెంటించుకుంటా. అలవాటే."

"ఇంత కొండెక్కి వచ్చి నువ్వు బావుకునేదేముందిరా?"

"రెండు గ్లాసుల టీ. పుదీనా ఎక్కువ వెయ్యి."

"పిచ్చోడివా?"

"పగలంతా సింహాలతో... ఆయనతో ఉంటానుగా. అవ్వా, ఆ మేడమ్ పేరేంటో చెప్పు, కనుక్కుంటా. ఇట్లాంటి పరీక్షలు చేసేవాళ్లు ముందు మా దగ్గరికే వస్తారు. పటకారు పట్టుకుని తిరిగే మేడమ్‌ని నేనెప్పుడూ చూళ్లేదు."

"ఏ మేడమ్?"

"అదే, సోమవారం వచ్చే మేడమ్."

"సోమవారం మా ఇంటికి నువ్వు తప్ప ఎవరూ రావట్లేదే. మీ అమ్మనీ నాన్ననీ కూడా తీసుకురా."

"మరి ఆ పటకారు, కవర్లు..."

"బస్సులో ఒక పిల్ల కనుబొమలు పీక్కుంటోంది. చూశా. మిగతాదంతా దార్లో అల్లుకున్నా."

"మీ హమ్మూ ఒప్పుకోవద్దూ?"

"వాడి సంగతి నాకొదిలెయ్. ఆయన్నే తిట్టి పంపిన అత్త చేతికింద పెరిగిన కోడల్ని."

"అయితే జోహ్రా కూడా బస్సులో అల్లిందేనా?"

"అది మాత్రం నిజం. నా పెళ్లికి ముందు మా అత్త నాకిట్లాగే చెప్పి, నేనేం చేస్తానో చూసింది. ఆ తోలు సంగతి ఇంట్లో పుట్టినవాళ్లకి చెప్పం నాయనా. ఇంట్లోకి వచ్చేవాళ్లకే చెప్తాం."