చాసీకి మెత్తపొడి

మా అప్ప నూకాలమ్మకి ఎవరైనా ఎక్కువ నవ్వితే అనుమానం. కొడుకు గంగునాయుడు ఆటో అమ్మీసి పాత జీపొకటి బేరం చేసాడంట. కొండమీద సంతలకి జనాన్ని తీసుకెళ్ళాలని వాడి కోరిక. పది మందిని కూచోబెట్టుకుని ఘాటీ ఎక్కాలి, దిగాలి. మొదటి ట్రిప్పులో నా కూతురూ ఎక్కాల్సిందే, దానికి అంగన్‌వాడీ పని కొండమీదే. ముందే చెప్పీస్తున్నాను, మధ్యలో మీరు "నీకేటి బాధ" అని అడుగుతారని. జీపు అమ్మేవోడు తాతారావని ఒక బ్రోకరు. నవ్వు మొహం. ఎదురైతే అమ్మా అంటాడు, వెళ్తూ వెళ్తూ ఇంకోసారి అమ్మా అంటాడు. ఈ రెండో అమ్మ దేనికిరా అనుకుందంట మా అప్ప.

ఏమైందంటే, జీపు పైభాగమంతా విప్పీసి, కింది ఇనప చట్రం ఒక్కటీ మా తమ్ముడు దేముడు షెడ్డుకి తెచ్చారు. దాన్ని వాళ్ళు చాసీ అంటారు. బండికి వెన్నుపూస అనుకో. దేముడి పనేటంటే, గాలి పైపులోంచి గింజల్ని ఇనుము మీదకి గట్టిగా కొట్టి పాత రంగు, తుప్పు ఊడగొట్టడం. ఆ తర్వాతే కొత్త రంగు. ఏ గింజ కొట్టాలన్న దగ్గరే పేచీ వచ్చింది. గంగునాయుడు "మావా, ఏట్లో ఇసక కొట్టీ, ఊరికే దొరుకుతాది" అన్నాడంట. దేముడు తల అడ్డంగా ఊపాడు. ఇసక దుమ్ము ఊపిరితిత్తుల్లో కూచుంటే ఇక లెగదు, నాతో పనిచేసిన గురయ్య ఎలా పోయాడో నీకు తెలీదేటి, దగ్గి దగ్గి పోయాడు, నా షెడ్డులో ఇసక మాటెత్తకు అన్నాడంట. మరేటి కొడతావంటే ఎర్ర గార్నెట్ రాతిపొడి అన్నాడు. పంచదార పలుకుల్లా ఉంటాది, అంచులు పదును, మందం ఇనుముకి అదే మందు. అప్పుడు నవ్వాడంట తాతారావు. "అంత గరుకు ఎందుకు దేముడుగారూ? పాత ఇనుము, పసిబిడ్డ లాంటిది. కొబ్బరిచిప్పల పొడి కొట్టండి. రంగు ఒక్కటే ఊడతాది, ఇనుముకి గీత పడదు. బస్తా నేనే తెచ్చాను" అని. నిజంగానే తెచ్చీసాడు.

అమ్మేవోడు బస్తా మోసుకొచ్చాడంటే మీకేమనిపిస్తాది? గంగునాయుడికి మాత్రం మంచోడు అనిపించింది. మా అప్ప అక్కడే డ్రమ్ము మీద కూచుని ఉందంట. "ఒరే దేముడా, ఈ చిప్పపొడి దేనికి కొడతావు?" అంది. కారు తలుపులకి, పల్చటి రేకులకి, వాటికి గరుకుది కొడితే వంగిపోతాయి కదా అన్నాడు. "చాసీ వంగుతాదా?" "చాసీ ఎందుకు వంగుతాది?" "మరి నువ్వెందుకు ఊరుకున్నావు?" బేరం వాళ్ళది, నాదేటుందని దేముడు గొణిగాడంట. వాడి చేతిలో టీ గ్లాసు. ఆ టీ తాతారావు తెప్పించింది. మా అప్ప గ్లాసు వంకే చూసింది. "తోడబుట్టినోణ్ణి కూడా నమ్మవేటి అప్పా?" "తోడబుట్టినోడివనే పైకి అడుగుతున్నాను. పరాయోడైతే మనసులో అనుకునీదాన్ని."

సరే, పొడే కొట్టారు. రంగు ఊడింది. చాసీ ఈ చివర నుంచి ఆ చివరకి నున్నగా ఉంది. గంగునాయుడు ఫొటోలు తీసుకుంటన్నాడు. మా అప్ప "ఇరవై ఏళ్ళు వానలో తిరిగిన ఇనుము, ఒక్క తుప్పు గుంటా లేదేటి?" అంది. "నీకు అందరి మీదా అనుమానమేనే అమ్మా. నాన్న మీద కూడా అనుమానమే." "మీ నాన్న మీద అనుమానం నిజమే అయ్యింది కదరా" అందంట. అందరూ నవ్వారు. తాతారావు నవ్వలేదు. అదీ చూసింది. లేచింది. సంతలో కుండ కొనేటప్పుడు మనమేటి చేస్తాం? వేలు మడిచి తడతాం. ఖంగుమంటే తెచ్చుకుంటాం, లేకపోతే పక్కన పెట్టీస్తాం. పానా ఒకటి తీసుకుని చాసీ పొడుగునా తట్టుకుంటూ నడిచిందంట. ఖంగు. ఖంగు. ఖంగు. డ్రైవరు కూచునే చోటుకి కింద, దబ్. మళ్ళీ తట్టింది. దబ్. "ఇక్కడ ఎర్రది కొట్టు" అంది. తాతారావు అడ్డం వచ్చాడు. వద్దమ్మా, అక్కడ కొడితే చాసీ నంబరు చెరిగిపోతాది, బండ్ల ఆఫీసోళ్ళు ఒప్పుకోరు అని. దేముడు అప్పుడు నోరు తెరిచాడంట. "నంబరు ముందు చక్రం దగ్గరుంది. ఇక్కడ నంబరేటి?" అని గ్లాసు కింద పెట్టి, ముసుగు తగిలించుకుని, పైపు పట్టాడు.

జానెడు కొట్టేసరికి ఇనుము రంగులోనే పెచ్చులెగిరాయంట. ఇనప రజను కలిపిన పుట్టీ, సొట్టలు పూడ్చే ముద్ద. ఇంకో జానెడు కొట్టాడు. కింద చాసీ రెండు ముక్కలు. ఏదో బండి ముందు సగం, ఇంకేదో బండి వెనక సగం, అక్కడో చుక్క ఇక్కడో చుక్క వెల్డింగు పెట్టి, సందులో పుట్టీ కూరి, పైన రంగేసారు. ఆ సందులో మా అప్ప పిన్నీసు పెడితే దూరిపోయిందంట. మెత్తపొడికి రంగు పోతాది గానీ పుట్టీ పోదు. అదీ ఆ బస్తా సంగతి. "అది కంపెనీ జాయింటే అమ్మా" అన్నాడు తాతారావు. "కంపెనీవోడు పుట్టీ పూస్తాడేటి?" "నాకూ ఇలాగే అంటగట్టారు, నేనూ మోసపోయినోణ్ణే." అయ్యుండొచ్చు. మోసపోయినోడు పొడి బస్తా పట్టుకురాడు గానీ.

తాతారావు అడ్వాన్సు తిరిగిచ్చీస్తాను, లారీ పిలిచి తీసుకుపోతాను అన్నాడు. "ఎక్కడికి?" అంది మా అప్ప. "మళ్ళీ పుట్టీ పూసి ఇంకో ఊళ్ళో ఇంకొకడికి చూపిస్తావు. ఆడి పక్కన నాలాగా తట్టి చూసేవోళ్ళు ఎవరైనా కూచుంటారో లేదో." గంగునాయుడు ఫోను జేబులో పెట్టీసాడు. ఆ సందు మీద వేలు రాసి చూసాడంట. అప్పుడు "అడ్వాన్సు నువ్వే ఉంచుకో, చాసీ నాది" అన్నాడు. తాతారావు పిచ్చెక్కిందా అన్నాడు. "మావా, గ్యాసు కట్టరు ముట్టించు" అన్నాడు వీడు. దేముడు కోసాడు. ఎవడూ మళ్ళీ అతకలేనట్టు చిన్న చిన్న ముక్కలుగా కోసాడంట. ఆటో అమ్మిన డబ్బులో సగం అలా ముక్కలయ్యింది.

తన మాట నెగ్గింది కదా, మీ అప్ప సంబరపడుంటాది అనుకుంటారు మీరు. మూడు రోజులు అన్నం ముట్టలేదంట. తట్టిన ప్రతి చోటా ఖంగుమనాలనే తట్టానే, అంది నాతో. గంగునాయుడు ఇప్పుడు ఎవరిదో ఆటో నడుపుతున్నాడు. నా కూతురు బస్సులో వెళ్తంది. అనుమానం పెనుభూతం అంటారు పెద్దోళ్ళు. అననీ. ఆ భూతానికి రోజూ ఓ ముద్ద వేసి గుమ్మంలోనే కూచోబెట్టుకుంటాను నేను.